పాత ఫోన్ నెమ్మదిస్తే తప్పు బ్యాటరీదా, కంపెనీదా?

2017 డిసెంబరులో రెడిట్ అనే చర్చా వెబ్‌సైట్‌లో ఒక ఐఫోన్ 6ఎస్ యజమాని రెండు జతల అంకెలు పెట్టాడు. ఫోన్ వేగాన్ని కొలిచే గీక్‌బెంచ్ యాప్ పరీక్షలో అతని ఫోన్‌కు సింగిల్ కోర్‌లో (ప్రాసెసర్‌లోని ఒక్క భాగమే పనిచేసినప్పుడు) 1,466, మల్టీ కోర్‌లో (అన్ని భాగాలూ కలిసి పనిచేసినప్పుడు) 2,512 వచ్చాయి. బ్యాటరీ కొత్తది వేయించి మళ్లీ పరీక్షిస్తే అవే 2,526, 4,456 అయ్యాయి. ప్రాసెసర్ అదే, మెమరీ అదే. మారింది బ్యాటరీ ఒక్కటే, వేగం మాత్రం 70 శాతానికి పైగా పెరిగింది.

కొత్త మోడల్ రాగానే పాత ఫోన్లు నత్తనడక పడతాయన్న అనుమానం జనంలో ఎప్పటి నుంచో ఉంది. అనుమానానికి రుజువు కావాలంటే ఒక్క ఫోన్ చాలదు. ఆ పని గీక్‌బెంచ్ తయారుచేసిన ప్రైమేట్ ల్యాబ్స్ వ్యవస్థాపకుడు జాన్ పూల్ చేశారు. తన దగ్గరికి వచ్చిపడిన వేలాది ఫలితాలను ఐఓఎస్ (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వెర్షన్ల వారీగా విడదీసి డిసెంబరు 18న గ్రాఫులుగా ప్రచురించారు. ఐఫోన్ 6ఎస్‌లో ఐఓఎస్ 10.2 ఉన్నప్పుడు గ్రాఫులో ఒకటే శిఖరం. అంటే ఫోన్లన్నీ ఇంచుమించు ఒకే వేగంతో నడుస్తున్నాయి. 10.2.1 వచ్చేసరికి పెద్ద శిఖరం పక్కన, తక్కువ వేగాల దగ్గర, చిన్న చిన్న శిఖరాలు లేచాయి. 11.2 నాటికి అవి ఇంకా ఎత్తయ్యాయి.

అసలు కీలకం ఆ చిన్న శిఖరాల ఆకారంలో ఉంది. ఫోన్లు వాటంతట అవే అరిగి నెమ్మదిస్తే వేగాలు చెల్లాచెదురుగా పరుచుకోవాలి, గ్రాఫు పల్చబడి సాగిపోవాలి. అలా కాకుండా కొన్ని నిర్దిష్ట అంకెల దగ్గర గుంపులు కట్టాయంటే, పాత ఫ్యాన్ రెగ్యులేటర్‌లా ఎవరో 5 నుంచి 4కి, 4 నుంచి 3కి తిప్పుతున్నారన్నమాట. రెండు రోజుల తర్వాత, డిసెంబరు 20న, తిప్పుతున్నది తామేనని ఆపిల్ ఒప్పుకుంది.

అసలు ఎందుకు తిప్పాల్సి వచ్చింది?

ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, సన్నటి తీగ చివర ఉన్న ఇంట్లో బోరు మోటారు వేయగానే బల్బు ఒక్కసారిగా మసకబారుతుంది. మోటారు లాగే కరెంటు ఎక్కువ, తీగకున్న నిరోధమూ ఎక్కువ. ఆ రెండూ కలిసి దారిలోనే వోల్టేజీని మింగేస్తాయి. ముసలి బ్యాటరీ లోపల జరిగేదీ ఇదే.

లిథియం అయాన్ బ్యాటరీ వయసుతో రెండు విధాలుగా దెబ్బతింటుంది. ఒకటి అందరికీ తెలిసిందే: కెపాసిటీ తగ్గుతుంది, పొద్దున ఛార్జింగ్ పెడితే మధ్యాహ్నానికే అయిపోతుంది. రెండోది కంటికి కనపడదు. ఆనోడ్ (బ్యాటరీ రుణధ్రువం) మీద ఏర్పడే పలుచని పొర ఛార్జింగు ఛార్జింగుకూ మందమవుతుంది, దాంతో బ్యాటరీ అంతర్గత నిరోధం పెరుగుతుంది. ఫోన్ ఆగిపోవడానికి మూలం ఈ రెండోదే.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసమే. ఛార్జింగ్ 30 శాతం దగ్గర ఉంది, లోడ్ లేనప్పుడు బ్యాటరీ వోల్టేజీ 3.7. కెమెరా తెరిచినప్పుడు ప్రాసెసర్, స్క్రీన్, సిగ్నల్ అందుకునే రేడియో అన్నీ కలిసి ఒక్క క్షణం 3 ఆంపియర్లు లాగాయి అనుకుందాం. కొత్త బ్యాటరీ నిరోధం 0.12 ఓమ్‌లయితే దారిలో పోయేది 0.36 వోల్టులు, మిగిలేది 3.34. ఫోన్ 3.2 దగ్గర ఆగిపోయేలా ఉంటే ఇబ్బంది లేదు. రెండేళ్లు వాడాక నిరోధం 0.25కు పెరిగిందనుకోండి. ఇప్పుడు 0.75 వోల్టులు లోపలే పోతాయి, బయటికి వచ్చేది 2.95. ఫోన్ ఠక్కున ఆరిపోతుంది. తెర మీద చివరిగా కనిపించిన అంకె మాత్రం 30 శాతమే! మళ్లీ ఆన్ చేస్తే అదే 30 శాతంతో లేస్తుంది కూడా, ఎందుకంటే ఛార్జ్ ఎక్కడికీ పోలేదు. అడిగినంత వేగంగా ఇవ్వలేకపోయిందంతే.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ అడ్డుపడి ఆ క్షణంలో 3 ఆంపియర్ల బదులు 1.8కే పరిమితం చేస్తే? పోయేది 0.45, మిగిలేది 3.25. ఫోన్ బతుకుతుంది, కాకపోతే కెమెరా తెరుచుకోవడానికి ఇంకొంత సమయం పడుతుంది. ఇంజినీరింగ్ పరంగా ఈ ఆలోచనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అంబులెన్సుకు ఫోన్ చేస్తుండగా ఆరిపోయే ఫోన్ కన్నా నెమ్మదిగా నడిచే ఫోన్ మేలు.

ఈ సమస్య ఐఫోన్లకే ఎక్కువగా ఎందుకు వచ్చిందన్నదీ లెక్కలోనే తేలుతుంది. ఐఫోన్ 6ఎస్ బ్యాటరీ 1,715 ఎంఏహెచ్. దాదాపు అదే కాలపు గెలాక్సీ ఎస్7 బ్యాటరీ 3,000. ఒకే కరెంటును చిన్న బ్యాటరీ నుంచి లాగితే దాని మీద పడే భారం ఎక్కువ. పైగా ఆపిల్ ప్రాసెసర్‌లో కోర్లు తక్కువ, ఒక్కోటి బలమైనది. పరుగు అందుకున్నప్పుడు కరెంటు ఒక్క ఉదుటున లేస్తుంది. అలాగని ఆండ్రాయిడ్ ఫోన్లకు మినహాయింపు ఏమీ లేదు. గూగుల్ కోసం హువావే తయారుచేసిన నెక్సస్ 6పీ ఇంకా బోలెడు ఛార్జింగ్ చూపిస్తుండగానే ఆరిపోతోందని ఫిర్యాదులు కుప్పలుగా వచ్చాయి. బూట్‌లూప్ (ఫోన్ పూర్తిగా తెరుచుకోకుండా పదేపదే రీస్టార్ట్ కావడం), బ్యాటరీ లోపాల మీద వేసిన దావా 2019లో 97.5 లక్షల డాలర్ల పరిష్కారంతో ముగిసింది.

దాచినందుకు పడిన ధర

ఐఫోన్ 6ఎస్ ఫోన్లు హఠాత్తుగా ఆరిపోతున్నాయన్న గొడవ 2016 చివరలోనే మొదలైంది. ఆ నవంబరులో, 2015 సెప్టెంబరు, అక్టోబరుల్లో తయారైన కొన్ని ఫోన్లకు ఉచితంగా బ్యాటరీ మారుస్తామని ఆపిల్ ప్రకటించింది. అప్పటికి అది ఒక బ్యాచ్ లోపంలాగే కనిపించింది. 2017 జనవరిలో ఐఓఎస్ 10.2.1 వచ్చింది. తర్వాతి నెలలో, ఈ అప్‌డేట్ వల్ల హఠాత్తుగా ఆగిపోవడం 6ఎస్‌లో 80 శాతం, ఐఫోన్ 6లో 70 శాతం తగ్గిందని కంపెనీ చెప్పుకుంది. ఎక్కువ పని పడినప్పుడు పవర్ నిర్వహణను మెరుగుపరిచామని అప్‌డేట్ వివరాల్లోనూ ఒక వాక్యం చేర్చింది. ఆ మెరుగుదల వేగాన్ని తగ్గించి సాధించిందన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

వివాదమంతా ఆ లేని మాట దగ్గరే ఉంది. ఫోన్ హఠాత్తుగా ఆరిపోతుంటే యజమానికి అనుమానం బ్యాటరీ మీదకు వెళుతుంది, సర్వీస్ సెంటర్‌కు వెళతాడు. ఫోన్ ఆరిపోకుండా, కేవలం మెల్లగా నడుస్తుంటే? 'మూడేళ్లయింది కదా, ముసలిదైంది' అనుకుని కొత్త ఫోన్ కొంటాడు. సాఫ్ట్‌వేర్ ఒక రోగలక్షణాన్ని చెరిపేసి, దాని స్థానంలో తప్పుదోవ పట్టించే ఇంకో లక్షణాన్ని పెట్టింది. ఆ దారి కొత్త ఫోన్ అమ్మే కౌంటర్ దగ్గరే తేలుతుంది. కంపెనీకి ఆ ఉద్దేశం ఉందా లేదా అన్నది వేరే చర్చ. ఉద్దేశం లేకపోయినా ఫలితం అదే.

డిసెంబరు 28న ఆపిల్ క్షమాపణ లేఖ విడుదల చేసింది. వారంటీ దాటిన బ్యాటరీ మార్పిడి ధరను 2018 చివరిదాకా 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. భారత్‌లో అది సుమారు 6,500 నుంచి పన్నులు కాకుండా 2,000 రూపాయలకు దిగింది. 2019 జనవరి మొదట్లో, ఆదాయం అనుకున్నదానికన్నా తగ్గుతుందని ఆపిల్ సీఈఓగా టిమ్ కుక్ మదుపరులకు లేఖ రాస్తూ చెప్పిన కారణాల్లో ఈ చౌక బ్యాటరీలు కూడా ఒకటి. బ్యాటరీ మార్చుకున్నవాడికి కొత్త ఫోన్ అవసరం పడలేదని కంపెనీయే లెక్క చెప్పినట్టయింది.

జరిమానాల కథ దేశానికో తీరు. ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2018 అక్టోబరులో ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు వేసింది. శాంసంగ్ మీద అభియోగం బ్యాటరీ గురించి కాదు. గెలాక్సీ నోట్ 7 కోసం తయారుచేసిన ఆండ్రాయిడ్ మార్ష్‌మాలో అప్‌డేట్‌ను పాత గెలాక్సీ నోట్ 4 మీదా వేసుకోమని పదేపదే గుర్తుచేసి, దాని వల్ల వచ్చే ఇబ్బందుల గురించి చెప్పలేదన్నది ఆరోపణ. ఆపిల్ కోటిలో సగం, బ్యాటరీ ఎంతకాలం మన్నుతుంది, ఎలా చూసుకోవాలి, ఎలా మార్చుకోవాలి అన్న కనీస సమాచారం ఇవ్వనందుకు. ఫ్రాన్స్ 2020 ఫిబ్రవరిలో రెండున్నర కోట్ల యూరోలు వేసింది. అప్‌డేట్ వేసుకుంటే నెమ్మదిస్తుందని ముందు చెప్పలేదు, వేసుకున్నాక పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే దారీ లేదు అన్నది అక్కడి అధికారుల వాదన. వాదన గట్టిదే. పాత వెర్షన్లకు ఆపిల్ డిజిటల్ సంతకం (ఆ వెర్షన్‌ను ఫోన్‌లో ఎక్కించడానికి కంపెనీ ఇచ్చే అనుమతి) ఆపేశాక వాటిని మళ్లీ ఎక్కించడం మామూలుగా కుదరదు.

అమెరికాలో 34 మంది అటార్నీ జనరళ్లతో (రాష్ట్రాల తరఫు ప్రధాన న్యాయాధికారులు) 11.3 కోట్ల డాలర్ల ఒప్పందం 2020 నవంబరులో కుదిరింది. వినియోగదారుల దావా విడిగా గరిష్ఠంగా 50 కోట్ల డాలర్లకు తేలింది. 2020 అక్టోబరు 6లోగా దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు 2024 జనవరిలో ఒక్కో ఫోన్‌కు సుమారు 92 డాలర్లు చేతికొచ్చాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న తెలుగువాళ్లలో ఆ ఈమెయిల్‌ను మోసమనుకుని తీసేసినవాళ్లుంటే ఆ డబ్బు పోయినట్టే. భారత్‌లో కొన్నవాళ్లకు ఆ పరిష్కారం వర్తించనే లేదు.

ఇప్పుడు ఐఫోన్‌లో ఏం చూడాలి?

2018 మార్చి చివర్లో వచ్చిన ఐఓఎస్ 11.3తో సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ పేజీ చేరింది. చూడాల్సినవి అక్కడ రెండు. మాగ్జిమమ్ కెపాసిటీ శాతం మొదటిది. అందరూ దాన్నే చూసి ఆగిపోతారు. వేగానికి సంబంధించింది దాని కింద ఉండే పీక్ పెర్ఫార్మెన్స్ కేపబిలిటీ. 'నార్మల్' అని ఉంటే వేగం తగ్గించడం లేదు. హఠాత్తుగా ఆగిపోవడం వల్ల పెర్ఫార్మెన్స్ మేనేజ్‌మెంట్ మొదలుపెట్టామని ఉంటే తగ్గిస్తున్నట్టు. ఆ వాక్యం చివర చిన్న అక్షరాల్లో 'డిజేబుల్' అన్న లింకు ఉంటుంది. దాన్ని నొక్కితే పూర్తి వేగం వస్తుంది, ఫోన్ మళ్లీ ఆరిపోయే ప్రమాదమూ వస్తుంది. ఒక్కసారి ఆరిపోతే నియంత్రణ తనంతట తానే తిరిగి మొదలవుతుంది. ఈ పద్ధతి ఐఓఎస్ 12.1తో ఐఫోన్ 8, టెన్ మోడళ్లకు కూడా వచ్చింది. ఐఫోన్ 11 నుంచి ఈ వ్యవస్థ ఫోన్‌లోనే అంతర్భాగం. నిరంతరం పనిచేస్తూ అవసరమైనంతే తగ్గిస్తుంది కాబట్టి తేడా తెలియడం కష్టం.

నియంత్రణ బాగా బిగిసినప్పుడు కనిపించే గుర్తులు ఇవి: యాప్ తెరుచుకోవడానికి ఆలస్యం, స్క్రోల్ చేస్తే కుదుపు, తెర వెలుగు తగ్గడం, స్పీకర్ శబ్దం 3 డెసిబెల్స్ దాకా పడిపోవడం, వెనక్కి నెట్టిన యాప్ మళ్లీ మొదటి నుంచి లోడ్ కావడం. మరీ ముదిరితే కెమెరా ఫ్లాష్ పనిచేయదు. కాల్ నాణ్యత, జీపీఎస్, తీసిన ఫోటో నాణ్యత మాత్రం మారవు. ఫోటోలు మసకగా వస్తున్నాయని బ్యాటరీ మార్పిస్తే డబ్బు దండగ.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన పాత ఐఫోన్, లేదా సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఐఫోన్ చేతికి రాగానే ముందు తెరవాల్సిన పేజీ ఇదే. ఐఫోన్ 15 నుంచి ఛార్జ్ సైకిల్స్ సంఖ్య కూడా సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది. 500 సైకిల్స్ తర్వాత 80 శాతం కెపాసిటీ నిలిచేలా పాత మోడళ్లను, 1,000 సైకిల్స్ తర్వాత అంతే నిలిచేలా 15 నుంచి వచ్చినవాటిని రూపొందించామని ఆపిల్ చెబుతోంది. ఒక సైకిల్ అంటే ఒకసారి ఛార్జర్ పెట్టడం కాదు, మొత్తం 100 శాతం వాడడం. ఇవాళ 60, రేపు 40 వాడితే రెండూ కలిపి ఒకటి.

ఆండ్రాయిడ్‌లో కంపెనీకో దారి. శాంసంగ్ ఫోన్‌లో శాంసంగ్ మెంబర్స్ యాప్‌లోని డయాగ్నస్టిక్స్‌లో బ్యాటరీ పరీక్ష ఉంటుంది. పిక్సెల్ 8ఏ నుంచి సెట్టింగ్స్‌లోనే బ్యాటరీ హెల్త్ శాతం చూపిస్తుంది. మిగతా ఫోన్లలో ఆక్యుబ్యాటరీ లాంటి యాప్ వేసి, పదిసార్లయినా ఎక్కువ మేర ఛార్జ్ చేశాక అది చెప్పే అంచనాను కొంత నమ్మవచ్చు. మొదటి రోజు చూపించే అంకెను పట్టించుకోకూడదు.

నేరం బ్యాటరీదేనా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఫోన్ కవర్ తీసేయండి, లో పవర్ మోడ్ ఆపేయండి, ఫ్యాన్ కింద పావుగంట చల్లారనివ్వండి. ఛార్జింగ్ 90 శాతం పైన ఉన్నప్పుడు గీక్‌బెంచ్ ఒకసారి నడిపి అంకె రాసుకోండి. 30 శాతం దగ్గర మళ్లీ నడపండి, ఛార్జర్ పెట్టకుండా. రెండో అంకె చాలా పడిపోతే తప్పు బ్యాటరీదే. రెండూ దగ్గరగా ఉండి, ఆ మోడల్‌కు గీక్‌బెంచ్ సైట్ చూపే సగటుకు సమానంగా ఉంటే బ్యాటరీ నిర్దోషి. అప్పుడు స్టోరేజీ చూడాలి. పదో వంతు కూడా ఖాళీ లేకపోతే ఫ్లాష్ మెమరీ రాయడానికి తడుముకుంటుంది. వాట్సాప్ గ్రూపుల్లోని గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేస్తేనే బాగుపడే ఫోన్లు చాలా ఉంటాయి. ఇక రెండు పరీక్షలు వెంటవెంటనే నడిపితే రెండోది తగ్గడం మామూలే. అది వేడి వల్ల, కొత్త ఫోన్‌లోనూ జరుగుతుంది.

మన దగ్గర శత్రువు ఎండ

చలిలో ఫోన్లు ఆరిపోవడం షికాగో సమస్య. సున్నా డిగ్రీల దగ్గర నిరోధం బాగా పెరిగి కొత్త బ్యాటరీ కూడా తడబడుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో జరిగేది వేరు. అక్కడ వేడి బ్యాటరీని ఆ క్షణంలో ఆపదు, ముందే ముసలిదాన్ని చేస్తుంది. పూర్తిగా ఛార్జ్ చేసిన లిథియం బ్యాటరీని 40 డిగ్రీల్లో ఏడాది ఊరికే ఉంచినా కెపాసిటీలో దాదాపు మూడో వంతు పోతుందన్నది బ్యాటరీ రంగంలో తరచూ వాడే లెక్క. అదే వేడిలో 40 శాతం ఛార్జ్‌తో ఉంచితే పోయేది 15 శాతమే. డ్యాష్‌బోర్డు మీద మ్యాప్ పెట్టుకుని, ఛార్జర్‌కు తగిలించి రోజంతా తిరిగే ఆటో, క్యాబ్ డ్రైవర్ల ఫోన్లలో ఎండ, నిండు ఛార్జ్, ఎడతెగని లోడ్ మూడూ ఒక్కచోట చేరతాయి. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే అలాంటివాళ్లే ముందు వాడాలి. ఫోన్‌ను ఏసీ గాలి తగిలే వెంట్ దగ్గర బిగించడం అంతకన్నా మంచిది.

బ్యాటరీ మార్పించేటప్పుడు కంపెనీ సర్వీస్ సెంటర్‌కు, హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల దుకాణాలకు ధరలో తేడా ఎంతో ఉంటుంది. దుకాణంలో మార్పించడం తప్పేం కాదు, కాకపోతే కొన్ని చూసుకోవాలి. 'హెల్త్ 100 శాతం' చూపిస్తే ఒరిజినల్ అని నమ్మకూడదు. బ్యాటరీ బోర్డులోని డేటాను మార్చి రాసే పరికరాలు మార్కెట్లో దొరుకుతాయి. లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఆ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడవచ్చు. ఐఫోన్ టెన్ ఎస్, టెన్ ఆర్ నుంచి పైవాటిలో బయటి బ్యాటరీ వేస్తే అది అసలైనదని గుర్తించలేకపోతున్నామన్న సందేశం వస్తుంది. ఫోన్ పనిచేస్తుంది. విప్పేముందు ఛార్జింగ్ 25 శాతం కన్నా తక్కువకు దింపమని అడగండి. జిగురు పట్టీ తెగి బ్యాటరీని గీకి లేపాల్సి వస్తే, నిండు బ్యాటరీకి గాటు పడితే మంట వస్తుంది. మార్పిడి తర్వాత నీటి నుంచి రక్షణ మునుపటిలా ఉండదన్నదీ గుర్తుంచుకోవాలి. తెర అంచు లేచినా, వెనక మూత ఉబ్బినా ఛార్జింగ్ వెంటనే ఆపేయాలి. నొక్కి సరిచేయడానికి అసలు ప్రయత్నించకూడదు.

చెప్పి చేస్తే సరిపోతుందా?

ఆపిల్ అనుభవం చూశాక గూగుల్ చెప్పి చేయడం నేర్చుకుంది. కానీ అడగడం లేదు. 2025 జనవరిలో పిక్సెల్ 4ఏకు, జులైలో పిక్సెల్ 6ఏకు తప్పనిసరి అప్‌డేట్లు వచ్చాయి. 6ఏలో 400 సైకిల్స్ దాటిన కొన్ని ఫోన్లలో బ్యాటరీ వేడెక్కే ప్రమాదం ఉందని, అందుకే కెపాసిటీనీ ఛార్జింగ్ వేగాన్నీ తగ్గిస్తున్నామని ప్రకటించారు. ఉచిత బ్యాటరీ, లేదంటే నగదు, లేదంటే కొత్త పిక్సెల్ కొనుగోలుకు క్రెడిట్ ఇస్తామన్నారు. 6ఏ ఇక్కడా అమ్ముడైన ఫోనే. మంటలు రేగే ప్రమాదం నిజమైతే తప్పనిసరి చేయడాన్ని సమర్థించవచ్చు. పిక్సెల్ 9ఏ నుంచి వచ్చిన బ్యాటరీ హెల్త్ అసిస్టెన్స్ విషయం అలా కాదు. 200 సైకిల్స్ దగ్గర మొదలై 1,000 దాకా బ్యాటరీ గరిష్ఠ వోల్టేజీని మెట్లు మెట్లుగా తగ్గిస్తుంది, ఛార్జింగ్ వేగాన్నీ సర్దుతుంది. 9ఏలో దాన్ని ఆపే మీట లేదు. 200 సైకిల్స్ అంటే రోజూ ఒక నిండు ఛార్జ్ వాడేవాడికి ఏడు నెలలు కూడా కాదు, ఏడాది వారంటీలో దాదాపు సగం మిగిలే ఉంటుంది.

మీటను ఎవరి చేతిలో పెట్టాలన్న దానిపై యూరప్ వేరే దారి పట్టింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్ బ్యాటరీ 800 సైకిల్స్ తర్వాత కూడా 80 శాతం నిలబడాలి, మోడల్ అమ్మకాలు ఆగాక ఏడేళ్లపాటు కీలకమైన విడిభాగాలు దొరకాలి. భారత్‌లో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. మరమ్మతుకు ఎంత వీలుందో ఫోన్లకు మార్కులు వేసే సూచీ కోసం 2024లో వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. వేగం తగ్గించడాన్ని ముందే చెప్పాలన్న నిబంధన వచ్చేదాకా, అప్‌డేట్ తర్వాత ఫోన్ మందగిస్తే ముందూ వెనకా తీసిన గీక్‌బెంచ్ స్క్రీన్‌షాట్లే యజమాని చేతిలోని సాక్ష్యం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసేటప్పుడు బిల్లు, అప్‌డేట్ వేసిన తేదీ, వెర్షన్ నంబర్, ఆ రెండు స్క్రీన్‌షాట్లు దగ్గర ఉంటే 'ఫోన్ స్లో అయింది' అన్న మాటకు బలం వస్తుంది. అందుకే పెద్ద అప్‌డేట్ 'ఇన్‌స్టాల్' నొక్కేముందు ఒకసారి గీక్‌బెంచ్ నడిపి పెట్టుకోవాలి. పట్టే సమయం ఐదారు నిమిషాలు.